సంచాలకులవారిని ఎవరు నొక్కాలి?

పడవల నమోదు సంచాలకులు విశ్వంభరరావుగారికి ఉన్నట్టుండి అక్షరాల మీద నమ్మకం పోయింది. కొండమీద చల్లటి హోటల్లో జరిగిన మూడు రోజుల శిక్షణకు వెళ్ళేదాకా ఆయనకి అలాంటి జబ్బేమీ లేదు. అక్కడ టై కట్టుకున్న వక్త ఎవరో, మనిషి కన్ను ముందు బొమ్మని చూస్తుంది, అక్షరం జోలికి తీరిగ్గా వెళ్తుంది అని సెలవిచ్చాడట. విశ్వంభరరావుగారు ఆ మాటని భద్రంగా సూట్‌కేసులో సర్దుకుని కొండ దిగారు.

దిగిన మర్నాడే తవిటినాయుణ్ణి పిలిపించారు. సముద్రతీర పట్నంలోని ఆ కార్యాలయానికి కంప్యూటర్ విభాగమంటే తవిటినాయుడూ, అతని టేబులూ, అంతే. కాంట్రాక్టు ఉద్యోగి. చేపలవేట పడవలకి లైసెన్సులిచ్చే ప్రోగ్రాం మొత్తం ఒంటిచేత్తో రాశాడు. తెరమీద దరఖాస్తు వివరాలు కనిపిస్తాయి. వాటి కింద ‘వెతుకు’, ‘వాయిదా’, ‘తిరస్కరించు’, ‘ఆమోదించు’ అని నాలుగు మీటలుంటాయి. మౌసుతో బాణం గుర్తుని మీటమీదికి జరిపి నొక్కితే పనైపోతుంది. మూడేళ్ళుగా అలా అయిపోతూనే ఉంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోవడంతో ఆ ప్రోగ్రాం సంగతి పైవాళ్ళెవరికీ తెలియలేదు.

“తవిటినాయుడూ, ఈ మీటల మీద అక్షరాలున్నాయి” అన్నారు విశ్వంభరరావుగారు, బియ్యంలో పురుగులున్నాయి అన్నట్టు.

“ఉన్నాయి సార్.”

“తీసెయ్. పౌరుడికీ పరిపాలనకీ నడుమ అక్షరం అడ్డుగోడ కాకూడదు. ఇకమీదట ప్రతి మీటా ఒక బొమ్మ. దృశ్యాత్మక పాలన అంటారు దీన్ని.”

“మీటలు నొక్కేది మనవాళ్ళే కదా సార్. పౌరులు బల్లకి అవతల కూర్చుంటారు.”

“అవతల్నుంచి చూస్తారుగా” అన్నారాయన.

‘వెతుకు’కి భూతద్దం, ‘వాయిదా’కి గోడగడియారం అనుకున్నారు. ‘తిరస్కరించు’ దగ్గర ఏం పెట్టాలా అని ఆలోచించి, సంచాలకులవారు పక్కనే నిలబడ్డ సూపరింటెండెంటు నీలాచలంగారి ఫొటో పెట్టమన్నారు. ఇరవైతొమ్మిదేళ్ళుగా దరఖాస్తులు తిప్పి పంపుతున్న మనిషి కనుక ఎవరికైనా చూడగానే అర్థమవుతుందని ఆయన ఉద్దేశం. నీలాచలంగారేమీ బాధపడలేదు. తెరమీదికి ఎక్కడమే గొప్పనుకుని, ఆ కృతజ్ఞత అక్కడికక్కడే తీర్చేసుకున్నారు. “ఆమోదమంటే తమరే కదా సార్. అక్కడ తమ బొమ్మ కాక ఇంకెవరిది పెడతాం?” అన్నారు. విశ్వంభరరావుగారు వద్దు వద్దంటూనే డ్రాయరు తెరిచారు. ఫొటో అప్పటికే కవర్లో సిద్ధంగా ఉంది.

తవిటినాయుడు చెప్పినట్టే చేశాడు. చేసి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. అతనికి తన పనంటే కాస్త ముచ్చట. బొమ్మని నొక్కినప్పుడు నొక్కినట్టు తెలియొద్దూ అని, మౌసు నొక్కగానే బొమ్మ రవ్వంత లోపలికి దిగి, వదలగానే ‘టక్’మని పైకి లేచేట్టు పెట్టాడు. రెండు చుక్కల లోతు. ఆ రెండు చుక్కలే అతని కొంప ముంచాయి, అతని కొంపతోపాటు మైలపల్లి ఎర్రమ్మ పడవని కూడా.

ఎర్రమ్మ ఇరవయ్యేళ్ళు ఇంకొకళ్ళ పడవల చేపలు బుట్టలో పెట్టి వీధివీధీ తిరిగి అమ్మింది. ఈ ఏడు సొంతానికి ఒక ఇంజను పడవ కట్టించుకుంది. ఏటా జూన్ పద్నాలుగుదాకా రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలమని. పదిహేను తెల్లవారుజామున తీరంలోని పడవలన్నీ ఒక్కసారిగా బయల్దేరతాయి. ఏడాది మొత్తంలో వేటంటే ఆ మొదటి వారమే. లైసెన్సు కాగితం లేని పడవ కదలడానికి లేదు. పడవమీద కూలికి వేటకెళ్ళే కళాసీలు ఆరుగురు ఎర్రమ్మ పడవెక్కుతామని మాటిచ్చారు. పదిహేనుకి కాగితం చేతిలో లేకపోతే వేరే పడవ చూసుకుంటామని కూడా మొహమ్మీదే చెప్పారు. కళాసీలు ఒకసారి చెయ్యి జారితే ఆ ఏడు పడవ ఇసకలోనే ఎండాలి.

దృశ్యాత్మక పాలన ప్రారంభోత్సవానికి మొదటి దరఖాస్తుగా ఆవిడదే తీశారు. ఏప్రిల్ నెలాఖరు. సమావేశ మందిరంలో తెరని గోడమీదికి పెద్దదిగా వేశారు. విశ్వంభరరావుగారి మొహం తలుపంత ఉంది. తవిటినాయుడు మౌసు కదిపాడు. తెల్ల బాణం గోడమీద పాకుతూ వెళ్ళి, వేలు చాచిన చెయ్యిగా మారి, సంచాలకులవారి పై పెదవి మీద ఆగింది. నొక్కాడు. మొహం లోపలికి దిగి ‘టక్’మని బయటికొచ్చింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

విశ్వంభరరావుగారు తన పెదవి తడుముకున్నారు. “ఇప్పుడు నన్నేం చేశావు?”

“ఆమోదించాను సార్.”

“పొడిచావు. నిండు సభలో పొడిచావు. ఆ నొక్కు చెల్లదు.”

అప్పటికే ప్రింటరులోంచి లైసెన్సు సగం బయటికి వచ్చింది. నీలాచలంగారు పరుగున వెళ్ళి దాన్ని సర్రున లాగి నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న ఎర్రమ్మ లేచి నిలబడింది.

“అదేటి బాబూ, నా కాయితం సగం వొచ్చీసినాది గదా.”

“చెల్లని నొక్కుకి పుట్టిన కాగితమమ్మా” అన్నారు నీలాచలంగారు. “అది కాగితం కిందికి రాదు.”

తవిటినాయుడికి సిగ్గేసింది. బొమ్మ లోపలికి దిగకపోతే ఎవరికేం లోటు? చదును బొమ్మని నొక్కి ఉంటే ఈపాటికి ఆవిడ కాగితం కొంగున కట్టుకుని ఇంటికి పోయేది. రేపు రండమ్మా, ఎలాగైనా చేస్తాను అన్నాడు. ఆవిడ రేపు వచ్చింది. ఆ తర్వాత రోజూ వచ్చింది. ఎండుచేపల బుట్ట గుమ్మం బయట దించి, లోపల బెంచీ మీద కూర్చునేది. వాసన మాత్రం బయట ఆగేది కాదు.

వారం తిరిగేసరికి ఒక సర్క్యులర్ వచ్చింది. “ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ఉన్నతాధికారి చిత్రమును అధస్థాయి ఉద్యోగి నొక్కవలసి వచ్చినచో, ఆ నొక్కు పాదములయందు మాత్రమే జరుగవలెను. శిరస్సు, ముఖము, ఉదరము మున్నగు చోట్ల నొక్కుట క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును.”

పాస్‌పోర్టు ఫొటోకి పాదాలెక్కడివి? ఫొటోగ్రాఫరుని పిలిపించి నిలువెత్తు ఫొటో తీయించారు. తవిటినాయుడు మళ్ళీ కూర్చున్నాడు. ఇంతకుముందు బొమ్మలో ఎక్కడ నొక్కినా ఒకటే. ఇప్పుడు నొక్కిన చోటు బొమ్మ పైఅంచునుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, చీలమండల కిందైతేనే ఒప్పుకునేట్టు రాశాడు. మోకాలి దగ్గర నొక్కితే తెరమీద ఒక చెయ్యి ప్రత్యక్షమై ఇంకా కిందికి అని వేలు చూపిస్తుంది. అక్షరాలు నిషిద్ధం కదా. తీరా చూస్తే ఆఫీసు కంప్యూటర్లన్నీ పాతవి, తెరలు చిన్నవి. నిలువెత్తు సంచాలకులు నడుం దాకానే కనిపించారు. పాదాలు కావాలంటే మౌసు చక్రం తిప్పుతూ ఆయన్ని తలనుంచి కిందిదాకా జరుపుకుంటూ పోవాలి. గుమాస్తాలు పొద్దున్నే కూర్చుని, బావిలోంచి చేద లాగినట్టు ఆయన్ని పైకి లాగుతూ ఉండేవాళ్ళు.

తీరా పాదాలదాకా వెళ్తే, ఆయన బూట్లతో ఉన్నారు.

“బూట్లు ముట్టుకోవడం పాదాభివందనం అవుతుందా?” అని నీలాచలంగారు లిఖితపూర్వకంగా సందేహం వెలిబుచ్చారు. అవదని లిఖితపూర్వకంగా జవాబొచ్చింది. విశ్వంభరరావుగారు సెలూను మనిషిచేత గోళ్ళు తీయించుకుని, కాళ్ళు కడుక్కుని, పీట మీద నిలబడి మళ్ళీ ఫొటో తీయించుకున్నారు. మే నెల సగానికి వచ్చింది.

“ఇప్పుడైనా అవుతాదా బాబూ?” అంది ఎర్రమ్మ.

“కాళ్ళు వచ్చేశాయమ్మా. ఇక ఒక్కటే మిగిలింది.”

ఆ ఒక్కటి వేలు. మామూలుగా బాణం గుర్తు నొక్కదగిన బొమ్మమీదికి వెళ్ళగానే చూపుడువేలు చాచిన చెయ్యిగా మారుతుంది. లోకంలో అన్ని ప్రోగ్రాముల్లోనూ అంతే. ఉన్నతాధికారి వైపు వేలు చూపించడమేమిటని రెండో సర్క్యులర్. తవిటినాయుడు వేలు తీసేసి, ముకుళించిన చేతుల బొమ్మ పెట్టాడు. దండం పెడుతూ మౌసు జరపాలన్నమాట. ఆ చేతుల బొమ్మలో సరిగ్గా ఏ చుక్క తగిలితే నొక్కినట్టు అన్నది ఇంకో తగువు. వేళ్ళ కొసలని అతనన్నాడు. కొస అంటే పొడుచుకోవడమే, మణికట్టు ఉండాలని నీలాచలంగారు పట్టుపట్టారు. మణికట్టు పెట్టారు. దాంతో గుమాస్తాలు దండాన్ని పాదాల మీదికి సరిగ్గా తీసుకెళ్ళి నొక్కినా ఏమీ జరిగేది కాదు. వేళ్ళు పాదాలు దాటి మోకాళ్ళదాకా వెళ్తేగాని మణికట్టు పాదాలకి తగలదు. మూడు రోజులు సెక్షనంతా తలలు వంచుకుని మౌసులతో సాష్టాంగ నమస్కారాలు చేసింది. ఒకళ్ళిద్దరికి మెడ పట్టేసింది కూడా.

“కీబోర్డు మీద ఎంటర్ మీట నొక్కితే సరిపోతుంది సార్, బొమ్మ జోలికి పోనక్కర్లేదు” అని తవిటినాయుడు ఒకసారి ఉండబట్టలేక అన్నాడు.

“అంటే నేనిక్కడ నిలబడి ఉండగా పక్కదారిన పోతారా?” అన్నారు విశ్వంభరరావుగారు, నిజంగా నొచ్చుకుని.

మే ముప్ఫయ్యో తేదీన రాజధానినుంచి ప్రత్యేక పరిశీలకులవారు వచ్చారు. దృశ్యాత్మక పాలనని కళ్ళారా చూసి పోదామని. మళ్ళీ సమావేశ మందిరం, మళ్ళీ గోడమీద తెర, మళ్ళీ ఎర్రమ్మ దరఖాస్తు. తవిటినాయుడు ఆవిడతో ఈరోజు ఖాయమని చెప్పాడు. కళాసీలు కూడా వచ్చి వెనక నిలబడ్డారు.

దరఖాస్తులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆమోదపు బొమ్మ రంగు వెలిసి బూడిదగా మారుతుంది. ఇప్పుడు నొక్కకూడదు అని దానికి అర్థం. నీలాచలంగారు ఏ దరఖాస్తునైనా ఒక గడి ఖాళీగా పెట్టే పైకి పంపుతారు, అది ఆయన చేతి అలవాటు. ప్రారంభోత్సవం నాడు తవిటినాయుడు ముందే చూసి నింపాడు గాని, ఈసారి ఆయన వదిలేసిన తేదీ అతని కంటపడలేదు. గోడమీది పెద్ద తెరలో విశ్వంభరరావుగారు తలనుంచి పాదాలదాకా నిలువెత్తున, చెప్పుల్లేకుండా, రంగు వెలిసి, పాత నలుపు తెలుపు ఫొటోలా నిలబడ్డారు. ఆయన పాదాల వైపు ముకుళించిన చేతులు మెల్లగా కదులుతున్నాయి. పరిశీలకులవారికి ఇద్దామని తెచ్చిన పూలగుత్తిని ఎవరో చోటులేక సరిగ్గా ఆ గోడ మొదట్లో పెట్టారు.

పరిశీలకులవారు ఆలస్యంగా వచ్చారు. గుమ్మంలో ఆగి గోడకేసి చూశారు. ఆయన మొహం పాలిపోయింది. వచ్చినవారు వచ్చినట్టే తల వంచి, చేతులు ముందు కట్టుకుని నిలబడ్డారు. పెద్దాయన నిలబడితే మనం కూర్చుంటామా అని సిబ్బంది మొత్తం లేచారు. కళాసీలు తలగుడ్డలు తీసేశారు. పరిశీలకులవారు గడియారం చూసుకుంటూ రెండు నిమిషాలు లెక్కపెట్టారు.

ఆ సమయంలో విశ్వంభరరావుగారు ఫోను మాట్లాడుకుని వరండాలోంచి లోపలికొచ్చారు. అందరూ మౌనంగా నిలబడి ఉండటం చూసి, ఉద్యోగధర్మంగా ఆయనా తల వంచి నిలబడ్డారు. రెండు నిమిషాలూ అయ్యాక నీలాచలంగారి చెవిలో మెల్లగా అడిగారు.

“ఎవరు పోయారు?”

“తమరే సార్” అన్నారు నీలాచలంగారు, ఇంకా ఆ దుఃఖంలోంచి తేరుకోక.

ఆ తర్వాత జరిగింది రాయడానికి ఈ కాగితం చాలదు. సాయంత్రానికి ఆజ్ఞ వెలువడింది. సంచాలకుల చిత్రమును అధస్థాయి ఉద్యోగులెవ్వరూ ఎక్కడా నొక్కరాదు. సమానస్థాయి గాని, పైస్థాయి గాని కలవారు మాత్రమే నొక్కవలెను.

తవిటినాయుడు ఆ కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు. “పోనీ తమరే నొక్కండి సార్. ఒక్కటంటే ఒక్క దరఖాస్తు. ఆవిడ నెలరోజులుగా తిరుగుతోంది.”

“నా పాదాలకి నేనే నమస్కరించుకోవడం ఎక్కడైనా ఉందా?” అన్నారాయన. “పైగా నన్ను నేను నొక్కుకుంటే అది స్వయం ఆమోదం. ఆడిట్ వారు ఊరుకోరు.”

“అక్షరాల మీట మళ్ళీ పెట్టేస్తాను సార్, ఐదు నిమిషాల పని.”

“వెనక్కి నడవమంటావా?”

దొంగతనంగా నొక్కేద్దామా అని కూడా అనుకున్నాడు తవిటినాయుడు. ఎవరు ఎన్ని గంటలకి ఎక్కడ నొక్కారో ప్రోగ్రాం గుర్తు పెట్టుకుంటుంది. అలా గుర్తు పెట్టుకునేట్టు రాసిందీ అతనే. తన తెలివి మీద తనకే ఒళ్ళు మండింది.

సమానస్థాయి వాళ్ళకోసం వేట మొదలైంది. పక్క శాఖ సంచాలకుణ్ణి అడిగితే, నా బొమ్మని మీవాళ్ళు నొక్కుతామంటే నేనూ నొక్కుతాను అన్నాడు. ఆయన దగ్గర బొమ్మే లేదు. రాజధానిలో కమిషనరుగారికి రాస్తే, జిల్లాలు తిరిగి నొక్కడం నా విధుల్లో లేదు అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. చివరికి ఫైలు న్యాయసలహాదారు దగ్గరికి వెళ్ళింది. కమిషనరుగారు కాకపోతే సంచాలకులకి పైస్థాయి ఇంకెవరు అన్నది ప్రశ్న. ఈలోగా జూన్ వచ్చేసింది. కళాసీల్లో ఇద్దరు ఇంకో పడవవాళ్ళతో టీ తాగుతూ కనిపించారని ఎర్రమ్మ చెప్పింది. ఆవిడ కళ్ళలో నీళ్ళేమీ లేవు. బెంచీ మీద కొంచెం ముందుకి వంగి కూర్చుంది అంతే. తవిటినాయుడు ఆ రోజు అన్నం సహించక డబ్బా మూత తీయకుండానే ఇంటికి పట్టుకుపోయాడు.

పదమూడో తేదీన సలహా వచ్చింది. “సంచాలకులు ప్రజాసేవకులు. సేవకునికి పైస్థాయి యజమాని. ప్రజాస్వామ్యమున యజమాని ప్రజ. కావున సదరు చిత్రమును నొక్కుటకు ప్రజకు మాత్రమే అర్హత కలదని మా అభిప్రాయము.”

విశ్వంభరరావుగారు దాన్ని రెండుసార్లు చదువుకుని పొంగిపోయారు. యావత్తు ప్రజానీకం స్వహస్తాలతో తన బొమ్మని స్పృశించడం! దృశ్యాత్మక పాలనకి ఇంతకన్నా పరాకాష్ఠ ఏముంది? వెంటనే సంతకం చేసి, ఈ విజయం గురించి ప్రసంగించడానికి రాజధాని రైలెక్కారు.

పద్నాలుగో తేదీ మధ్యాహ్నం మూడయింది. నీలాచలంగారు ఆజ్ఞని నాలుగోసారి చదువుతున్నారు. “ప్రజ అనగా ఎవరు అన్న నిర్వచనం ఇందులో లేదు. మన ఆఫీసులో ప్రజ ఎవరున్నారు?”

“అదుగో, బెంచీ మీద” అన్నాడు తవిటినాయుడు.

“ఆవిడ దరఖాస్తుదారు.”

“ఉద్యోగి అయితే కాదు కదా సార్.”

నీలాచలంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాదనడానికి వీలున్న గడి ఏదైనా ఉందేమోనని ఆజ్ఞ వెనకవైపు కూడా తిప్పి చూశారు. వెనక తెల్లగా ఉంది. “మరి నొక్కితే పాదాల మీదే కదా?” అన్నారు ఆఖరి ప్రయత్నంగా.

“అది కిందివాళ్ళకి పెట్టిన నిబంధన సార్. యజమానికి కాదు.”

తవిటినాయుడు టేబులు దగ్గర కూర్చుని పావుగంటలో కొలతలన్నీ పీకేశాడు. పాదాల లెక్క పోయింది. దండం పోయింది. బొమ్మని తెరకి సరిపోయేట్టు కుదించాడు. బొమ్మలో ఎక్కడ నొక్కినా చెల్లుతుంది. ఖాళీగా ఉన్న తేదీ గడి నింపగానే విశ్వంభరరావుగారికి రంగు తిరిగొచ్చింది. అప్పుడు ఎర్రమ్మని పిలిచి తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, మౌసుని పిల్లరొయ్యని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. అరచెయ్యి దానిమీద ఎలా ఆనించాలో అతను చూపించాడు.

“ఏటి సెయ్యాలి బాబూ?”

“ఈ సారుని నొక్కాలమ్మా. నొక్కితే మీ కాగితం వస్తుంది.”

“ఎక్కడ నొక్కీడం?”

“మీ ఇష్టం.”

ఎర్రమ్మ తొందరపడలేదు. తెరమీద ఆయన్ని ఆ చివరనుంచి ఈ చివరదాకా పరీక్షగా చూసింది. గుర్తుని మెల్లగా జరుపుకుంటూ వెళ్ళి, దవడ కింద, చేప తాజాదో కాదో చూసే చోట ఆపి, గట్టిగా నొక్కింది. సంచాలకులవారు లోపలికి దిగి ‘టక్’మని లేచారు. ప్రింటరు గుర్రుమంటూ కదిలింది. కాగితం ఈసారి మొత్తం బయటికొచ్చింది. నీలాచలంగారు కుర్చీలోంచి లేవలేదు.

ఆవిడ కాగితాన్ని పైనుంచి కిందిదాకా చూసుకుంది. పడవ పేరు మీద వేలుపెట్టి చూపించి అదేనా అని అడిగింది, అదేనని అతను చెప్పాడు. మడిచి రవికలో పెట్టుకుంది. గుమ్మంలో ఎదురుచూస్తున్న కళాసీలకి తల ఊపి చూపించింది. వాళ్ళలో ఇద్దరు అప్పటికే ఇంజను ఆయిలు తేవడానికి పరిగెత్తారు.

“ఇంతేనా బాబూ? ఏబై రోజులు తిరిగింది దీనికేనా?”

“దీనికేనమ్మా” అన్నాడు తవిటినాయుడు.

ఎర్రమ్మ కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి ఇంకా మౌసు మీదే ఉంది.

“ఇంకోపాలి నొక్కొచ్చా?”

“కాగితం వచ్చేసింది కదమ్మా. ఇక అవసరం లేదు.”

“అవసరానికి కాదు బాబూ” అంది ఎర్రమ్మ.

తవిటినాయుడు నీలాచలంగారి వైపు చూశాడు. నీలాచలంగారు కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు. అతను కుర్చీని తెరకి ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

“నొక్కండమ్మా” అన్నాడు.